బడి గేటు దగ్గర బండి ఉండొచ్చా? ఒక్క ప్రశ్నతో పిల్లలకు ఆలోచన, వాదన, పరిష్కారం నేర్పడం ఎలా

మన బళ్లలో చర్చ అంటే ఎక్కువగా ఆగస్టు 15కో, నవంబరు 14కో పెట్టే వక్తృత్వ పోటీయే. "కత్తి గొప్పదా, కలం గొప్పదా" అని టాపిక్ ఇస్తాం. ఇంట్లో అక్కో బాబాయో రాసిచ్చింది బట్టీపట్టి వచ్చి, పిల్ల గడగడా అప్పజెప్పి కూర్చుంటుంది. చప్పట్లు కొడతాం, స్టీల్ గిన్నె బహుమతిగా ఇస్తాం. ఆ పిల్ల సొంతంగా ఆలోచించిన ముక్క అందులో ఒక్కటైనా ఉందా? ఎదుటివాళ్లు చెప్పింది విని, "అవును, అదీ నిజమే" అనే వీలు ఎవరికైనా ఉందా? నాకు ఈ పోటీల మీద చాలాకాలంగా బాధ ఉంది. ధాటిగా మాట్లాడటం అలవాటవుతుంది గానీ, మాటకు ఆధారం వెతకడం అలవాటు కాదు.

8, 9 తరగతులకు ఏ సబ్జెక్టు చెప్పే టీచరైనా చేయగలిగిన పద్ధతి ఒకటి ఇక్కడ రాస్తున్నాను. ఒకే ప్రశ్న తీసుకుని రెండు వారాల్లో ఆరేడు పీరియడ్లు నడపాలి. ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. ప్రశ్న ఇది: బడి గేటు పక్కన చిరుతిళ్ల బండి ఉండొచ్చా?

1. ప్రశ్న ఎందుకు ఇలాంటిదే కావాలి

మంచి ప్రశ్నకు రెండు వైపులా గట్టి కారణాలుండాలి. ఆధారాలు పిల్లల చేతికి అందేంత దూరంలో ఉండాలి. తేలిన విషయాన్ని ఎవరో ఒకరు అమలు చేయగలగాలి. కత్తీ కలం ఈ మూడింట్లో దేనికీ నిలవవు. బండి నిలుస్తుంది.

ఒకవైపు, ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) 2020లో తెచ్చిన నిబంధనలు ఉన్నాయి. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తినుబండారాలను బడి ఆవరణలో గానీ, గేటు నుంచి ఏ దిక్కున చూసినా 50 మీటర్లలోపు గానీ పిల్లలకు అమ్మకూడదని అవి చెబుతున్నాయి. రెండోవైపు, ఇష్టమైన వృత్తి, వ్యాపారం చేసుకునే హక్కు రాజ్యాంగంలోని 19(1)(జి) అధికరణంలో ఉంది. వీధిలో సరుకు అమ్ముకోవడం కూడా ఆ హక్కు కిందికే వస్తుందని, దానికి సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చని సుప్రీంకోర్టు 1989లో చెప్పింది. పట్టణాల్లో వీధి వ్యాపారుల బతుకుతెరువును కాపాడటానికి 2014లో ప్రత్యేకంగా చట్టమే వచ్చింది. అంటే పిల్లలు ఏ పక్షం తీసుకున్నా వెనక చట్టం ఉంది, న్యాయమూ ఉంది.

మొదలుపెట్టే ముందు ఒకటి కనుక్కోండి. ఆ బండి నడిపేవాళ్ల పిల్లలో మనవలో మీ తరగతిలో ఉన్నారా? ఉంటే ఈ ప్రశ్న వద్దు. తన ఇంటి బతుకుతెరువు మీద నలభై మంది వాదిస్తుంటే ఆ బిడ్డ ఎలా కూర్చుంటుంది? అప్పుడు బస్సు టైమింగో, ఆటస్థలం ఎవరు ఎప్పుడు వాడుకోవాలన్నదో తీసుకోండి. అడుగులు ఇవే ఉంటాయి.

2. వారం ముందే ఖాళీ ప్యాకెట్లు పోగుచేయించండి

ఐదు రూపాయల, పది రూపాయల ప్యాకెట్ల కవర్లు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. కొని తెమ్మని మాత్రం చెప్పకండి, ఖాళీవే తేవాలి. కడిగి ఆరబెట్టి ఒక సంచిలో వేయిస్తే చాలు. చిప్స్, బిస్కెట్లు, కూల్‌డ్రింకు సీసాలు, పండ్ల బొమ్మ ఉన్న జ్యూస్ డబ్బాలు అన్నీ ఉండేలా చూడండి. అక్షరాలు చదవగలిగేలా ఉంటే సరి.

3. మొదటి పీరియడ్: కనిపించింది ఏది, అనుకున్నది ఏది

ఇద్దరికి ఒక కవరు ఇవ్వండి. బోర్డు మీద నిలువుగా గీత గీసి, ఎడమవైపు "కళ్లకు కనిపించింది", కుడివైపు "మనం అనుకున్నది" అని రాయండి. కవరు చూసి ఒక్కో వాక్యం చెప్పమనండి. ప్రతి వాక్యం ఎటువైపు రాయాలో క్లాసే తేల్చాలి.

సంభాషణ మామూలుగా ఇలా నడుస్తుంది.

"ఇది ఆరోగ్యానికి మంచిది సార్."
"ఎలా తెలుసమ్మా?"
"కవరు మీద మామిడిపండు ఉంది సార్."
"మామిడిపండు ఉందా, మామిడిపండు బొమ్మ ఉందా?"
"బొమ్మ ఉంది సార్."
"మరి లోపల పండు ఎంతుందో ఎక్కడ తెలుస్తుంది?"

ఇక్కడ మీరు ఆగాలి. వెనకవైపు చూడమని చెప్పేయాలని నోటిదాకా వస్తుంది, చెప్పకండి. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, కనీసం మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవుగా, కారణాలతో వస్తున్నాయని అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లో తరగతి గదులు పరిశీలించి చెప్పారు. మూడు సెకన్లు వినడానికి తక్కువే, బోర్డు ముందు నిలబడితే చాలా ఎక్కువ అనిపిస్తుంది. మనసులో నాలుగంకెలు లెక్కపెట్టుకోండి. ముందు బెంచీ వాళ్ల చేతులు లేచినా వెంటనే పిలవకండి. ఆ కాస్త సమయంలోనే మూడో వరసలో ఎవరో ఒకరు కవరు తిరగేస్తారు.

తిరగేశాక అసలు పాఠం మొదలవుతుంది. పదార్థాల జాబితాలో బరువు ఎక్కువగా ఉన్నది ముందు, తక్కువగా ఉన్నది తర్వాత రాయాలి, ఇది నియమం. జ్యూస్ డబ్బా మీద ముందుగా నీళ్లు, తర్వాత చక్కెర, ఆ తర్వాతెప్పుడో పండు గుజ్జు కనిపిస్తే ఇక మీరు ఏమీ చెప్పనక్కర్లేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కూడా, పండు చాలా తక్కువగా ఉన్న సరుకు మీదా పండు గుజ్జుతో చేసినదని రాసుకునే వీలుందని, లేబుల్ చదవడం నేర్చుకోవాలని హెచ్చరించింది.

తర్వాత చిన్న లెక్క. 40 గ్రాముల ప్యాకెట్ మీద "100 గ్రాములకు సోడియం 800 మిల్లీగ్రాములు" అని ఉందనుకోండి. ప్యాకెట్ మొత్తానికి 320 మిల్లీగ్రాములు. సోడియాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది, అంటే 0.8 గ్రాములు. పెద్దవాళ్లకైనా రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఒక్క ఇంటర్వెల్ ప్యాకెట్‌తో అందులో 16 శాతం అయిపోయింది. ఈ లెక్క బోర్డు మీద మీరు చేయకండి, పిల్లలు తమ కవరు మీది అంకెలతో చేసుకోవాలి.

ఇంకో ప్రమాదం ఉంది. రెండో రోజుకల్లా పిల్లలు "కంపెనీ వాళ్లు రాసిందంతా అబద్ధమే" అనడం మొదలుపెడతారు. దాన్ని అక్కడే ఆపాలి. దేన్నీ నమ్మకపోవడం కూడా ఆలోచించకుండా చేసే పనే. "అమ్మేవాళ్లు చెప్పారు కాబట్టి అబద్ధం అయిపోదు. వేరేచోట సరిచూసుకోవాలి. ఎక్కడ చూద్దాం?" అని అడగండి. వెనకవైపు పట్టికలోని అంకెలు రాసింది కూడా ఆ కంపెనీయే కదా, వాటిని ఎందుకు కాస్త ఎక్కువ నమ్ముతున్నాం అని కూడా అడగండి. తప్పు రాస్తే చట్టం పట్టుకుంటుంది కాబట్టి అన్న జవాబు క్లాసులో ఎవరో ఒకరి నుంచి వస్తుంది.

4. రెండో పీరియడ్: కారణం నిలబడుతుందా

మన తర్కశాస్త్రంలో ఐదు మెట్ల వాదన ఉంది: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ పేర్లు అవసరం లేదు గానీ, మెట్లు చాలా బాగా పనికొస్తాయి. కొండ మీద నిప్పుంది. ఎందుకంటే పొగ కనిపిస్తోంది. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లో చూస్తున్నాం కదా. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది. కాబట్టి నిప్పుంది.

ఇప్పుడు తిరగేసి అడగండి. "నిప్పుంది కాబట్టి పొగ ఉండి తీరాలి" అనవచ్చా? కాసేపు అందరూ అవునంటారు. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనప గుండును గుర్తుచేయండి. నిప్పుంది, పొగ లేదు. పాత తర్క గ్రంథాల్లో ఇచ్చిన ఉదాహరణే ఇది. పిల్లలకు అర్థం కావాల్సింది ఒకటే: "ఎక్కడైనా ఇలా ఉంటుంది" అని ఎవరైనా అన్నప్పుడు, అలా లేని ఒక్కచోటు చూపిస్తే ఆ కారణం పడిపోతుంది.

దీన్ని బండి మీద ప్రయోగించండి. "బండి దగ్గర తింటే కడుపునొప్పి వస్తుంది" అని క్లాసులో తప్పకుండా ఎవరో ఒకరు అంటారు. సాక్ష్యంగా ఆరుగురి పేర్లు కూడా చెబుతారు. బోర్డు మీద నాలుగు గళ్లు గీయండి. తిని నొప్పి వచ్చినవాళ్లు, తిన్నా రానివాళ్లు, తినకుండానే వచ్చినవాళ్లు, తినక రానివాళ్లు. 40 మంది క్లాసులో తిన్నవాళ్లు 30, వాళ్లలో నొప్పి వచ్చింది ఆరుగురికి అనుకుందాం. తినని పదిమందిలో ఇద్దరికి నొప్పి వచ్చింది. ఆరుగురు, ఇద్దరు అని చూస్తే బండిదే తప్పు అనిపిస్తుంది. ముప్పైలో ఆరు, పదిలో రెండు అని చూస్తే రెండూ 20 శాతమే.

ఈ నాలుగు గళ్ల పట్టిక ఒక్కటి పిల్లలకు వంటబట్టినా మీ రెండు వారాలు వృథా పోనట్టే. తాయెత్తు కట్టుకుంటే జ్వరం తగ్గిందన్నా, ఫలానా ట్యూషన్‌కి వెళ్తే ర్యాంకు వచ్చిందన్నా, పెద్దయ్యాక వాళ్లు వినే మాటల్లో సగం మొదటి గడిని మాత్రమే చూపిస్తాయి. మిగతా మూడు గళ్లు అడిగే అలవాటు ఇక్కడే పడాలి.

అంకెలు మీ క్లాసువే తీసుకోండి. అయితే ఎవరికి ఏ జబ్బు వచ్చిందో అందరి ముందూ చేతులెత్తించి అడగకండి, చీటీల మీద పేరు లేకుండా రాయించుకోండి.

5. గేటు దాకా వెళ్లి రావడం

ముందురోజు మీరే వెళ్లి బండి నడిపే అవ్వతో మాట్లాడండి. "పిల్లలు నాలుగు ప్రశ్నలు అడుగుతారు, ఇష్టమైతేనే చెప్పండి" అనండి. పిల్లలు వెళ్లేది సోదా చేయడానికి కాదని ఆమెకూ తెలియాలి, పిల్లలకూ తెలియాలి. అవ్వా, మామ్మా అని రోజూ ఎలా పిలుస్తారో అలాగే పిలవాలి. ఏవి ఎక్కువ అమ్ముడుపోతాయి, ఏవి మిగిలిపోతాయి, ఏ టైములో గిరాకీ, ఎన్నేళ్లుగా ఇక్కడే ఉన్నారు, ఇవి చాలు. ఎంత మిగులుతుందో అడగాలని కొందరు ఉబలాటపడతారు, అది ఆమె చెబితేనే వినాలి.

టేపు పట్టుకుని 50 మీటర్లు కొలిపించండి. టేపు లేకపోతే ఒకరి అడుగు పొడవు కొలిచి లెక్కగట్టవచ్చు. ఆ దూరం ఎక్కడిదాకా వస్తుందో చూశాక పిల్లలకే కొత్త సందేహాలు వస్తాయి. బడికి అటువైపున్న కిరాణా కొట్టు కూడా 50 మీటర్లలోపే ఉంది కదా, దాని సంగతేంటి? బండి మీది జామకాయలు, ఉడికించిన సెనగలు కూడా నిషేధమా? నిబంధన మళ్లీ చదివించండి. అది బండి గురించి మాట్లాడటం లేదు, కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి గురించి మాట్లాడుతోంది. "ఉండొచ్చా, కూడదా" అన్న ప్రశ్న "ఏం అమ్మొచ్చు" అన్నదిగా మారడం ఇక్కడ మొదలవుతుంది. అది పిల్లల నోటి నుంచే రానివ్వండి.

6. వాదన రోజు

బెంచీలు గోడలకు జరిపించండి. ఒక గోడ "ఉండొచ్చు", ఎదుటి గోడ "కూడదు". ఎవరి అభిప్రాయం ఎటు మొగ్గితే అటు, ఎంత మొగ్గితే అంత దగ్గరగా నిలబడాలి. మధ్యలో నిలబడటమూ తప్పేం కాదు. వాదన నడుస్తున్నంతసేపూ జరగవచ్చు, కానీ జరిగినవాళ్లు ఏ మాట విని జరిగారో చెప్పాలి. మనసు మార్చుకున్న పిల్లను క్లాసు ముందు మెచ్చుకోండి. "ఓడిపోయింది" అని ఎవరైనా నవ్వితే గట్టిగా ఆపండి.

నియమాలు మూడు పెట్టండి. జవాబిచ్చే ముందు ఎదుటివాళ్ల మాటను వాళ్లు "సరిగ్గా చెప్పావు" అనేదాకా తన మాటల్లో తిరిగి చెప్పాలి. మన శాస్త్ర చర్చల్లో పూర్వపక్షం, అంటే ఎదుటివాళ్ల వాదన, ముందు చెప్పి ఆ తర్వాతే సిద్ధాంతం, అంటే తమ నిర్ణయం, చెప్పేవారు, ఆ క్రమమే ఇది. రెండోది, ఎదుటివాళ్లది తప్పని అంటే సరిపోదు, తన మాటేమిటో కూడా చెప్పాలి. వట్టి ఖండనతో నడిచేది వితండవాదమే. మూడోది, మనిషి ఊసు ఎత్తకూడదు. "నువ్వే రోజూ తింటావుగా" అన్నది వాదన కిందికి రాదు.

నోరు విప్పని పిల్లలను ఉన్నపళంగా లేపి అడిగితే ఇంకా బిగుసుకుపోతారు. ముందు ఒక నిమిషం ఒంటరిగా రాసుకోనివ్వండి, తర్వాత పక్కనున్నవాళ్లతో రెండు నిమిషాలు మాట్లాడుకోనివ్వండి, ఆ తర్వాతే క్లాసుకు చెప్పించండి. ఫ్రాంక్ లైమన్ అనే అమెరికన్ విద్యావేత్త 1981లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఆడపిల్లలు తక్కువగా మాట్లాడే క్లాసుల్లో నాకు తెలిసి ఇంతకంటే మంచి ఉపాయం లేదు.

భాష విషయంలో నాది గట్టి అభిప్రాయం. మీది ఇంగ్లీష్ మీడియం క్లాసైనా సరే, ఈ పీరియడ్లు తెలుగులో నడవాలి, అదీ పిల్లల ఇంటి తెలుగులో. "ఎందుకంటె సార్, గా ముసలామె..." అని మొదలుపెట్టిన పిల్లాడిని యాస దగ్గర ఆపి సరిదిద్దితే కారణం గొంతులోనే ఆగిపోతుంది. వాదన తేలాక అదే మాటను ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాయించుకోండి, అప్పుడు అదీ సులువవుతుంది.

చివర్లో "మీరేమంటారు సార్?" అని అడుగుతారు. చెప్పకండి. మీరు చెప్పిన మరుక్షణం గదంతా మీ గోడవైపు జరుగుతుంది.

7. అసలు సమస్య ఏమిటో తేల్చడం

ఇక్కడ ఒక పీరియడ్ పూర్తిగా కేటాయించండి, తొందరపడొద్దు. "బండి సమస్య" అని రాసి, దాని కింద "పిల్లలు ఎందుకు కొంటున్నారు?" అని అడగండి. ఆకలి. ఎందుకు ఆకలి? పొద్దున తినలేదు. ఎందుకు తినలేదు? పక్క ఊరి నుంచి వచ్చేవాళ్లకు బస్సు తెల్లారే ఉంది, అమ్మ అప్పటికే పనికి వెళ్లిపోయింది. ఇలా నాలుగైదు ఎందుకులు దాటాక, బండి తీసేసినంత మాత్రాన ఆ ఆకలి తీరదని పిల్లలకే అర్థమవుతుంది.

తర్వాత పరిష్కారాలు. కనీసం ఆరు రాసేదాకా ఏ ఒక్కదాన్నీ బాగుందనీ బాగోలేదనీ అనకూడదు. మొదటి రెండూ ఎప్పుడూ "తీసేయాలి", "ఫైన్ వేయాలి" అనే వస్తాయి. నాలుగోది, ఐదోది దగ్గరే కొత్తవి పుడతాయి. అవ్వ సెనగలు, పల్లీలు, జామకాయలు ఎక్కువ పెట్టుకోవడం, చిప్స్ కావాలంటే 50 మీటర్ల అవతల అమ్ముకోవడం, పొద్దున తినకుండా వచ్చేవాళ్ల జాబితా హెచ్‌ఎంకు ఇవ్వడం. ఒక్కోదానికి ఖర్చెంత, ఎవరు ఒప్పుకోవాలి, ఎప్పటినుంచి మొదలుపెట్టవచ్చు అని పట్టిక వేసి ఒకటి ఎంచుకోమనండి. ఎంచుకున్నది ఒక వారం చేసి చూడాలి. వారానికి ముందూ తర్వాతా చెత్తబుట్టలో ఖాళీ ప్యాకెట్లు లెక్కపెడితే ఫలితం తెలుస్తుంది.

8. ఒప్పించడం

మొదట అడగాల్సింది: ఇది ఎవరి చేతిలో ఉంది? హెచ్‌ఎం చేతిలో ఉన్నవి కొన్ని, అవ్వ చేతిలో ఉన్నవి కొన్ని, అమ్మానాన్నల చేతిలో ఉన్నవి కొన్ని. ఒకే లేఖ ముగ్గురికీ పనికిరాదు.

పిల్లలు మొదట రాసే లేఖ ఇలా ఉంటుంది: "అయ్యా, మన బడి ముందున్న బండి వల్ల పిల్లలందరి ఆరోగ్యం పాడైపోతోంది. వెంటనే తీసివేయించవలసిందిగా ప్రార్థన." దీన్ని బోర్డు మీద పెట్టి ఒక్కో మాట కింద గీత గీయించండి. "అందరి" అని ఎలా తెలుసు? "పాడైపోతోంది" అన్నది కనిపించిందా, అనుకున్నామా? రోడ్డు మీది బండిని తీసే అధికారం హెచ్‌ఎంకు ఉందా?

తిరగరాస్తే ఇలా రావాలి, అంకెలు మీ సర్వేవి పెట్టుకోండి: "అయ్యా, మా తరగతిలో 40 మందిని అడిగాం. 14 మంది పొద్దున ఏమీ తినకుండా వస్తున్నామన్నారు. వారిలో 11 మంది ఇంటర్వెల్‌లో ప్యాకెట్లు కొంటున్నారు. బండి అవ్వ ఉడికించిన సెనగలు అమ్మడానికి ఒప్పుకున్నారు, మిగిలిపోతే నష్టమని మాత్రం భయపడుతున్నారు. ఎన్ని పొట్లాలు కావాలో ముందురోజే మేము చెబుతాం. ధర ప్యాకెట్ కంటే ఎక్కువైతే కొందరు కొనకపోవచ్చు, అది మాకు తెలుసు. ఒక వారం పాటు ఇంటర్వెల్ ఐదు నిమిషాలు పెంచడానికి అనుమతి ఇవ్వగలరు."

ఇందులో తమకు వ్యతిరేకంగా వెళ్లే విషయం కూడా ఒకటి ఉంది చూడండి. దాన్ని రాయడానికి పిల్లలు ఒప్పుకోరు, "అది రాస్తే సార్ కాదంటారు" అంటారు. హెచ్‌ఎంకు ఆ సందేహం ఎలాగూ వస్తుంది, ముందే రాసినవాళ్ల మిగతా మాటల మీద నమ్మకం పెరుగుతుంది అని వివరించండి. క్యాన్సర్ వస్తుంది, ప్రాణాలు పోతాయి అని భయపెట్టే వాక్యాలు కొట్టేయించండి. ఆధారం లేని భయంతో ఒప్పించడం నేర్పితే మొదటి పీరియడ్‌లో నేర్పిందంతా మనమే చెరిపేసినట్టు.

అవ్వకు లేఖ అక్కర్లేదు. "అవ్వా, రేపటికి మా క్లాసులో ఇరవై మంది సెనగలు కొంటామన్నారు, పేర్లు ఇవిగో" అంటే చాలు.

9. మార్కులు, సిలబస్

సైన్సులో పోషకాలు, లెక్కల్లో శాతాలు, సోషల్‌లో హక్కులు, తెలుగులో లేఖారచన అన్నీ ఇందులోనే ఉన్నాయి కాబట్టి నలుగురు టీచర్లు తలా ఒకటి రెండు పీరియడ్లు ఇస్తే సరిపోతుంది. ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్)లో ప్రాజెక్టు పని కింద మార్కులు వేయవచ్చు. ఏ పక్షాన ఉన్నారన్నదానికి మార్కులు ఉండకూడదు. కనిపించినదాన్నీ అనుకున్నదాన్నీ విడదీశారా, ఎదుటివాళ్ల మాట సరిగ్గా చెప్పగలిగారా, మనసు మారితే ఎందుకు మారిందో రాశారా అని చూడండి. గ్రూపులో ఒకరు రాసి మిగతావాళ్లు పేర్లు పెట్టుకోకుండా ఒక్కొక్కరితో సొంతంగా అర పేజీ రాయించండి.

స్లిప్ టెస్టుకు కొత్త మాట ఇవ్వండి: "ఈ పెన్ను వాడిన పదిమందికి ఫస్ట్ క్లాస్ వచ్చింది, కాబట్టి ఈ పెన్ను కొనండి." దీన్ని నమ్మాలంటే ఇంకా ఏం తెలియాలో మూడు వాక్యాల్లో రాయమనండి. మిగిలిన మూడు గళ్లూ అడిగిన పిల్లలెందరో చూసుకోండి, అడగనివాళ్లతో రెండో పీరియడ్ పట్టికను వేరే ఉదాహరణతో మళ్లీ చేయించండి.

లేఖకు హెచ్‌ఎం "కుదరదు" అని జవాబిస్తే అక్కడితో వదిలేయకండి. ఇద్దరు పిల్లల్ని పంపి, "సార్, ఏం తెలిస్తే మీరు ఒప్పుకుంటారు?" అని అడిగి రమ్మనండి. ఆయన చెప్పినదాన్ని బోర్డు మీద రాసి, అది ఎలా తెలుసుకోవాలో మళ్లీ ఇద్దరిద్దరినీ మాట్లాడుకోనివ్వండి.